తాడు మెడ దాకా వచ్చాకే మనసు గుర్తొస్తుందా?

2017 ఫిబ్రవరి 25న మా ఉమ్మడి బళ్లారి జిల్లాలో ఒక కూలీ తన పెళ్లాన్నీ, ఆమె తోబుట్టువునీ, ముగ్గురు పసిపిల్లల్నీ నరికి చంపాడు. పెళ్లాం మీద అనుమానం. పిల్లలు తనకు పుట్టినవాళ్లు కారని అనుమానం. 2019 డిసెంబరులో సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. 2023 మేలో ధార్వాడలోని హైకోర్టు ధర్మాసనం దాన్ని ఖాయం చేసింది. 2025 జూలై 16న సుప్రీంకోర్టు ఉరిని రద్దు చేసి, ఊపిరి ఉన్నంతకాలం జైల్లోనే ఉండాలనీ, శిక్షలో ఏ తగ్గింపూ ఉండదనీ తీర్పు చెప్పింది.

ఆ వార్త పేపర్లో వచ్చినప్పుడు మా జిల్లా కుడతినిలో టీ అంగట్లో విన్న మాట: "ఐదు పానాలు తీసినోడికి జైల్లో కూడు పెట్టి సాకల్లనా?" ఆ కోపాన్ని నేను తప్పు పట్టను. పసిపిల్లల్ని నరికినవాడి మీద కోపం రాకపోతే మనలో ఏదో చచ్చిపోయినట్టే. అతని పేరు ఇక్కడ రాయను, అతని తరఫున వకాల్తా కూడా పుచ్చుకోను. నా కోపం వేరేచోట ఉంది.

ఉరి వేసిన తీర్పుకూ రద్దు చేసిన తీర్పుకూ మధ్య దాదాపు ఆరేళ్లలో ఏం మారింది? నేరం మారలేదు. సాక్ష్యం మారలేదు. దోషి అన్న మాటను మూడు కోర్టుల్లో ఏదీ కాదనలేదు. మారింది ఫైలు. జైల్లో ఎలా నడుచుకుంటున్నాడు, ఎలాంటి ఇంట్లో పెరిగాడు, మనసు ఏ స్థితిలో ఉంది అని విచారించి రాసిన నివేదికలు పై కోర్టులకు వెళ్లాక వచ్చి చేరాయి. సుప్రీంకోర్టు వాటిని చదివింది, ఉరి వద్దంది. ఉరిశిక్ష పడింది 2019లో. ఉరిశిక్ష వేసే ముందు మనిషి గతాన్నీ మనసునూ పరిశీలించిన నివేదికలు విచారణ దశలోనే కోర్టు ముందుకు రావాలని సుప్రీంకోర్టు మనోజ్ కేసులో గట్టిగా చెప్పింది 2022 మే 20న. ముందు తాడు, తర్వాత తవ్వకం. శిక్ష వేసే ముందు ముద్దాయి పరిస్థితుల్ని వినాలని 1976లో సంతాసింగ్ కేసు చెప్పింది. నేరాన్నే కాదు నేరస్థుణ్ణి కూడా చూడమని 1980లో బచ్చన్‌సింగ్ కేసు చెప్పింది. చెప్పిన మాట కింది కోర్టు మెట్లు దిగి రావడానికి నలభై ఏళ్లు చాల్లేదా?

ఆ మాట కిందికి రాకపోవడానికి కారణం జడ్జీల మనసు రాయి కావడం కాదు. ముద్దాయి వకీలు వెనక కుర్చీలో కూర్చోవాల్సిన ఒక మనిషి మన కోర్టుల్లో లేడు. ఆ మనిషి పేరు ఫోరెన్సిక్ సైకాలజిస్టు. బోనెక్కి సాక్ష్యం చెప్పే నిపుణుడి సంగతి కాదు నేను చెబుతున్నది. ఆయన వేరు. బోనెక్కినవాడు కోర్టు మనిషి. ఎవరు పిలిచినా, ఎవరు ఫీజిచ్చినా నిజం చెప్పి దిగాలి. నేనడిగే మనిషి బోనెక్కడు. తీర్పులో అతని పేరుండదు. వకీలుతో కలిసి ఫైలు చదువుతాడు, చెవిలో చెబుతాడు, వెళ్లిపోతాడు.

అతనేం చేస్తాడో దగ్గర్నుంచి చూద్దాం. పోలీసులు రాసిన సాక్షుల వాంగ్మూలాలు ముందేసుకుంటాడు. మొదటి రోజు "ఎవరో పొడుగాటి మనిషి" అన్న సాక్షి, టీవీలో ముద్దాయి ఫోటో వేసిన తర్వాత గుర్తింపు పరేడులో "వీడే" అని వేలు పెట్టి చూపించాడనుకోండి. ఆ సాక్షి అబద్ధం ఆడటం లేదు, జ్ఞాపకంలో టీవీ బొమ్మ కలిసిపోయింది. అతణ్ణి అబద్ధాలకోరని క్రాస్ ఎగ్జామినేషన్‌లో గద్దిస్తే జడ్జికి సాక్షి మీదే జాలి పుడుతుంది. ఎప్పుడు చూశావు, ఎంతసేపు, ఏ వెలుతురులో, మధ్యలో ఏ బొమ్మ చూశావు అని వరసగా అడిగితే సంగతి దానంతటదే బయటపడుతుంది. ఆ వరస రాసిచ్చేవాడు సైకాలజిస్టు. సర్కారు డాక్టరు "మానసికంగా బాగున్నాడు" అని రెండు లైన్ల సర్టిఫికెట్ ఇస్తే, డాక్టరు గారు ఆ మనిషి దగ్గర ఎంతసేపు కూర్చున్నారు, ఏ పరీక్ష పెట్టారు, ఏ భాషలో అడిగారు అన్న మూడు ప్రశ్నలు వకీలు చేతిలో పెట్టేదీ అతనే. ఆ మూడో ప్రశ్న మా సరిహద్దులో చిన్నది కాదు. కుడతినిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు పోలీసు స్టేషన్లో కన్నడంలో జవాబు చెబుతాడు, పై కోర్టు ఫైల్లో అది ఇంగ్లీషై కూర్చుంటుంది. మనసులో ఏముందో కనుక్కునే పరీక్ష పరాయి భాషలో పెడితే అక్కడ తేలేది భాష రాదన్న సంగతి మాత్రమే.

అన్నిటికంటే విలువైన పని ఇంకోటి ఉంది. వకీలుకు చేదు మాట చెప్పడం. "సార్, మీవాడు పిచ్చి నటిస్తున్నాడు, ఆ వాదన ఎత్తుకుంటే మునుగుతారు" అని నాలుగు గోడల మధ్య చెప్పగలిగినవాడు ఒకడుండాలి. అందుకే ఆ మాట గుట్టుగా ఉండాలి. మన సాక్ష్య చట్టం సంగతి చూడండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 132వ సెక్షన్ వకీలుకూ కక్షిదారుకూ మధ్య మాటలకు రక్షణ ఇచ్చింది. దుబాసీలకూ, వకీలు గుమాస్తాలకూ, ఉద్యోగులకూ ఆ రక్షణ వర్తిస్తుందని రాసింది. వకీలు సలహాకు పిలుచుకున్న సైకాలజిస్టు మాట అందులో లేదు. పాత చట్టాన్ని పక్కన పెట్టి కొత్తది రాసుకున్నప్పుడు కూడా ఆ ఒక్క మాట చేర్చడానికి చెయ్యి రాలేదు.

మరి మన దేశంలో ఫోరెన్సిక్ సైకాలజిస్టులే లేరా? ఉన్నారు. ఇన్నాళ్లూ వాళ్లు నిలబడింది పోలీసుల వైపు. రెండు వేల దశకంలో బెంగళూరు ఫోరెన్సిక్ ల్యాబు నార్కో పరీక్షలకు పేరుమోసింది. మత్తు ఎక్కించి మనిషిని మాట్లాడించడం, తలకు తీగలు కట్టి మెదడు నిజం చెప్పిందనడం అప్పట్లో గొప్ప శాస్త్రం. నకిలీ స్టాంపుల తెల్గీ మత్తులో గొణిగిన దృశ్యాలు టీవీల్లోకెక్కాయి, జనం సినిమా చూసినట్టు చూశారు. చివరికి 2010 మే 5న సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: మనిషి ఒప్పుకోకుండా నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయడానికి వీల్లేదు. కేసు పేరులోనే కర్ణాటక ఉంది. మనసును చదివే విద్యను మన రాష్ట్రం మొదట వాడుకున్నది మనిషి నోరు తెరిపించడానికి. అతని తరఫున నోరు విప్పడానికి అదే విద్యను వాడదామన్న ఆలోచన ఆ తీర్పు తర్వాతైనా సర్కారుకు రాలేదు.

తెలుగు గడ్డ మీద ఈ లోటుకు ఎంత మూల్యం చెల్లించామో సత్యంబాబు కేసు చూస్తే చాలు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గరి హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008 ఆగస్టులో సత్యంబాబు అనే దళిత యువకుణ్ణి పట్టుకొచ్చి, నేరం ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టు అతను నిర్దోషి అని విడుదల చేసింది, పోలీసుల దర్యాప్తును కడిగేసింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. చంపబడ్డ అమ్మాయి తల్లిదండ్రులే ఇతను కాదని మొదట్నుంచీ మొత్తుకున్నారు, అది వేరే ఘోరం.

చెయ్యని నేరాన్ని మనిషి ఎందుకు ఒప్పుకుంటాడు? కొట్టడం ఒక్కటే కారణం కాదు. నిద్ర లేకపోవడం, జబ్బు, భయం, పెద్దవాళ్లు చెప్పిందానికల్లా తల ఊపే అలవాటు, ఇవన్నీ కలిసి మనిషిని ఒప్పిస్తాయని కొలిచి చూపించినవాడు గిస్లీ గుడ్జాన్‌సన్. ఐస్‌లాండ్‌లో పుట్టి, అక్కడ పోలీసు డిటెక్టివుగా పనిచేసి, తర్వాత లండన్‌లో సైకాలజిస్టు అయినవాడు. ఎదుటివాడి మాటకు ఎవరెంత తేలిగ్గా లొంగిపోతారో కొలిచే ఒక కొలబద్ద తయారుచేశాడు. టాటెన్‌హామ్ అల్లర్లలో పోలీసు హత్య కేసులో శిక్ష పడ్డ ఇంజిన్ రాగిప్‌ను 1991లో లండన్ అప్పీలు కోర్టు విడుదల చేసినప్పుడు ఈ రకం మానసిక సాక్ష్యాన్ని లెక్కలోకి తీసుకుంది. విజయవాడ కేసు విచారణకు వచ్చేనాటికి ఆ తీర్పుకు దాదాపు ఇరవై ఏళ్లు. మన న్యాయ కళాశాలల్లో ఆ పేరు చెప్పిన మాస్టారు ఎంతమంది?

ఇప్పుడు అమెరికా వైపు చూడండి. అక్కడంతా బాగుందని చెప్పడానికి కాదు. 1985లో ఏక్ వర్సెస్ ఓక్లహామా కేసులో ఆ దేశపు సుప్రీంకోర్టు ఒక మాట అంది: మతిస్థిమితమే కేసులో ప్రధాన ప్రశ్న అయినప్పుడు, డబ్బులేని ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతో ఒక మానసిక వైద్యుణ్ణి ఇవ్వాలి, అతను పరీక్ష చేసి వెళ్లిపోవడం కాదు, వాదన సిద్ధం చేయడంలో కూడా సాయపడాలి. అలబామా దాన్ని ఎలా ఎగ్గొట్టిందో మెక్‌విలియమ్స్ కేసులో కనబడుతుంది. డాక్టరు నివేదిక శిక్ష విచారణకు రెండు రోజుల ముందు వచ్చింది. జైలు రికార్డులు విచారణ రోజే చేతికందాయి. ఇవి మాకు అర్థం కావు, అర్థం చెప్పే నిపుణుడు కావాలి, కాస్త గడువివ్వండి అని వకీలు ప్రాధేయపడ్డాడు. జడ్జి కుదరదన్నాడు, మరణశిక్ష వేశాడు. 2017లో అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు నిలిచిన తీర్పుతో అది తప్పని తేలింది. మెక్‌విలియమ్స్‌కు శిక్ష పడింది 1986లో. ఆలస్యం మన సొత్తు మాత్రమే కాదు.

అదే అమెరికాలో ఈ విద్య బజారుకెక్కిన కథ కూడా ఉంది. 1972లో హారిస్‌బర్గ్‌లో యుద్ధ వ్యతిరేక ఉద్యమకారుల మీద కేసు నడిచినప్పుడు, జ్యూరీలో ఎవరుంటే న్యాయం జరుగుతుందో జనంలో సర్వే చేసి చెప్పినవాళ్లు సామాజిక శాస్త్రవేత్త జే షుల్మన్, సైకాలజిస్టు రిచర్డ్ క్రిస్టీ, వాళ్ల మిత్రులు. ప్రభుత్వం మీద తిరగబడ్డవాళ్ల కోసం మొదలైంది. పాతికేళ్లు తిరక్కుండానే ఓ.జె. సింప్సన్ కేసులో కోట్లున్నవాడు జ్యూరీ సలహాదారును పెట్టుకునే దాకా వచ్చింది. ఆ దుకాణం మనకొద్దు. మనకు జ్యూరీయే లేదు కాబట్టి ఆ సరుకులో సగం ఇక్కడ ఎలాగూ చెల్లదు. సాక్షికి ఏడవడం నేర్పేవాడూ, ముద్దాయికి పిచ్చి చూపులు నేర్పేవాడూ వస్తే వాణ్ణి కూడా బోనులోనే నిలబెట్టాలి.

బళ్లారి సంగతికొస్తాను. ఇది ఎవరికీ గుర్తులేని విషయం, నాకు మాత్రం ఒళ్లు మండే విషయం. దేశంలో మానసిక వైద్యాన్ని పల్లెల దాకా తీసుకుపోవచ్చని చూపించిన జిల్లా మాదే. 1985లో నిమ్హాన్స్ వాళ్లు ఇక్కడికొచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోని మామూలు డాక్టర్లకూ ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చి, మానసిక రోగుల్ని ఊళ్లోనే గుర్తించి మందులిచ్చే పద్ధతి పెట్టారు. దాన్నే బళ్లారి నమూనా అన్నారు. 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది ఈ నమూనా మీదే. ఊరి రోగి దగ్గరికి వెళ్లడం దేశానికి నేర్పిన జిల్లాలో, కోర్టులో నిలబడ్డ రోగి దగ్గరికి ఎవరూ వెళ్లరు. పక్కనే బళ్లారి మెడికల్ కాలేజీ, రైలెక్కితే ధార్వాడలో మానసిక ఆరోగ్య సంస్థ, బెంగళూరులో నిమ్హాన్స్. మనుషులు లేక కాదు ఈ లోటు.

వకీలు ఆఫీసులో జరిగేది ఇలా ఉంటుంది. కొడుకు కేసులో ఇరుక్కున్న తల్లి వస్తుంది.

"మావోనికి చిన్నప్పట్నించి మతి నిలకడ లేదు సారూ. ఎన్ని అమాసలకు దర్గాకు తీసుకపోయినామో."

"డాక్టరు చీటీ ఉందేమ్మా?"

"దర్గాలో చీటీ యాడిస్తారు సారూ."

వకీలు తప్పేమీ లేదు. మతిస్థిమితం లేదన్న వాదనకు, అంటే పాత శిక్షాస్మృతి 84కు, ఇప్పటి న్యాయసంహిత 22కు, రుజువు భారం ముద్దాయి మీదే ఉంటుంది. అనుమానాతీతంగా రుజువు చేయక్కర్లేదు, సంభావ్యత చూపితే చాలని 1964లోనే దాహ్యాభాయ్ కేసు చెప్పింది. కానీ ఆ సంభావ్యతను చూపేదెట్లా? దర్గా ముజావరును, పొరుగింటి ముసలామెను, బడి మాన్పించిన అయ్యవారిని కలిసి, ఏ వయసులో ఏం జరిగిందో ఓపిగ్గా కూర్చి, అది రోగమా కాదా అని శాస్త్రం ప్రకారం చెప్పగలిగినవాడు కావాలి. రోజుకు పదిహేను కేసుల వాయిదాలకు పరిగెత్తే ప్లీడరుకు అది చేతనయ్యే పని కాదు. చీటీ లేదు కాబట్టి వాదన లేదు. శిక్ష దగ్గరికొచ్చేసరికి "పేదవాడు, ముసలి తల్లి ఉంది, దయచూపండి" అన్న ఒక్క వాక్యం. మనిషి ప్రాణం మీది వాదన ఒక్క వాక్యంలో ముగిసిపోతే దాన్ని విచారణ అనడానికి నాకు నోరు రాదు.

పేదల కోసం ప్రభుత్వం ఏమీ చేయలేదా అంటారు. చేసింది. 2022లో జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ (నల్సా) లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి తెచ్చింది. మంచి పనే, జీతం మీద పనిచేసే పూర్తికాలపు డిఫెన్సు వకీళ్లు దొరికారు. ఆ ఆఫీసులో ఎవరెవరుండాలో పథకంలో చదవండి: చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ వకీళ్లు, క్లర్కులు, రిసెప్షన్‌లో కూర్చుని డేటా ఎక్కించే ఉద్యోగి, అటెండరు. సైకాలజిస్టు లేడు. సోషల్ వర్కరు లేడు. అవతలి వైపు చూడండి. నాగరిక సురక్షా సంహిత 176(3) ప్రకారం ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరం జరిగిన చోటికి రావాలి. రానివ్వండి, మంచిదే. కానీ ఒకే దేశం, ఒకే కేసు; ఒక పక్షానికి ల్యాబు, ఇంకో పక్షానికి అటెండరు.

పిల్లల విషయంలో మాత్రం చట్టానికి తెలివి ఉంది. 2012 పోక్సో చట్టం 39వ సెక్షన్, విచారణకు ముందూ విచారణలోనూ బాధిత బిడ్డకు సైకాలజీ, సోషల్ వర్కు తెలిసినవాళ్ల సాయం అందేలా రాష్ట్రాలు మార్గదర్శకాలు రాయాలంటుంది. బోనెక్కే మనిషి వెనక మనసు తెలిసినవాడు ఒకడుండాలన్న సూత్రాన్ని పార్లమెంటు ఒప్పుకున్నట్టే కదా. బాధితుడికి ఉండాలి, నూటికి నూరుపాళ్లు. ముద్దాయికీ ఉండాలి.

"ఇట్లాగైతే హంతకులందరూ పిచ్చివాళ్లమని తప్పించుకుంటారు" అనేవాళ్లకు ఒక్క జవాబు. ఏక్ కేసు గెలిచిన ఏక్ ఇంటికి వెళ్లలేదు. మళ్లీ విచారణ జరిగింది, మళ్లీ దోషి అని తేలింది, ఈసారి యావజ్జీవం పడింది. మా జిల్లా కేసులో కూడా ఆ కూలీ జైల్లోనే చస్తాడు. మనసును చూడటం అంటే తాళం తీయడం కాదు. ఉరిశిక్ష పడ్డ 88 మందిని పరీక్షించి ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోని ప్రాజెక్ట్ 39ఎ వాళ్లు 2021లో వేసిన నివేదికలో, నూటికి 62 మందికి ఏదో ఒక మానసిక వ్యాధి ఉందని తేలింది. 11 శాతం మందికి బుద్ధిమాంద్యం. వాళ్లలో ఎంతమంది కేసులో కింది కోర్టు ఈ సంగతి విన్నదీ, ఎంతమంది వకీళ్లకు తెలిసిందీ అన్నది ఆలోచించండి. ఆ బృందమే ఇప్పుడు హైదరాబాద్ నల్సార్‌లో స్క్వేర్ సర్కిల్ క్లినిక్ పేరుతో పనిచేస్తోంది. ఒక విశ్వవిద్యాలయం దయ మీద ఆధారపడ్డ హక్కు హక్కెలా అవుతుంది?

ముద్దాయి కథను తవ్వి చెప్పడం మనకు తెలియని విద్య కూడా కాదు. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర దోపిడీకి దిగి బస్సు తగలబెట్టిన కేసులో 23 మంది కాలిపోయారు. చలపతిరావు, విజయవర్ధనరావు అనే ఇద్దరు దళిత యువకులకు ఉరి పడింది, 1996లో సుప్రీంకోర్టు దాకా ఖాయమైంది. 1997లో ఉరికి ముహూర్తం కూడా పెట్టేశారు. వాళ్లెవరో, ఏ పేదరికంలోంచి వచ్చారో జనానికి చెప్పింది పౌరహక్కులవాళ్లు, రచయితలు. మహాశ్వేతాదేవి రాష్ట్రపతికి మొరపెట్టుకున్నారు. 1998లో కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. మనిషి కథను తవ్వి చెప్పే పనిని వకీలు వెనక కుర్చీలో ఎవరూ చేయకపోతే, వీధిలో ఉద్యమకారులు చేయాల్సి వచ్చింది. వీధిలో ఉద్యమం లేని ముద్దాయి గతేంటి? కుడతిని లాంటి ఊళ్ల నుంచి బళ్లారి కోర్టుకు పోయే ముద్దాయిల వెనక ఏ ఉద్యమమూ ఉండదు. థర్మల్ చిమ్నీల బూడిద కింద బతికే కూలీ కొడుకు కోసం ఏ రచయిత్రి రాష్ట్రపతికి లేఖ రాస్తుంది?

అందుకే అడుగుతున్నాను. బళ్లారి జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థ తన ప్యానెల్లో సైకాలజిస్టును పెట్టుకోవాలి. ఛార్జిషీటు అందిన రోజు నుంచి డిఫెన్సు వకీలుకు అందుబాటులో ఉండాలి, తీర్పు ముందు రోజు కాదు. ఫీజు ప్రభుత్వం ఇవ్వాలి. తెలుగు, కన్నడం రెండూ వచ్చినవాళ్లయి ఉండాలి. వకీలుతో మాట్లాడిన మాటకు 132వ సెక్షన్‌లో రక్షణ చేర్చాలి. అనంతపురంలోనూ, కర్నూలులోనూ, రాయచూరులోనూ ఇదే.

మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఎవరైనా కేసులో ఇరుక్కుంటే ఒక్క పని చేయండి. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయ సహాయం హక్కు. అర్జీ రాసేటప్పుడు వకీలు కావాలని మాత్రమే రాయొద్దు. ముద్దాయి మానసిక స్థితిని పరీక్షించి వకీలుకు సలహా ఇచ్చే నిపుణుడు కూడా కావాలని రాసి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఇవ్వమంటే ఇవ్వమని రాతపూర్వకంగా చెప్పనివ్వండి. ఆ తిరస్కారం రేపు పై కోర్టులో పనికొస్తుంది. నల్సా ఫోన్ నంబరు 15100.